“లైన్ ఎవడాపిండు?”: ఒక కాలిఫోర్నియా ఫ్యాక్టరీ, మన షాప్ ఫ్లోర్

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ప్లాంటు ఉండేది. 1982లో దాన్ని మూసేశారు. మూసేనాటికి దానికున్నంత చెడ్డపేరు ఆ కంపెనీలో మరో ప్లాంటుకు లేదు. రోజూ వందకు ఇరవై మంది డ్యూటీకి రారు. సోమవారం పొద్దున అసెంబ్లీ లైన్ మొదలుపెట్టడానికి మనుషులు చాలకపోతే, ఎదురుగా ఉన్న బార్‌కు వెళ్లి దొరికినవాళ్లను పట్టుకొచ్చేవారని అక్కడ పనిచేసినవాళ్లే తర్వాత చెప్పుకున్నారు. డ్యూటీలో మందు, జూదం, చెప్పాపెట్టకుండా సమ్మెలు. తేలని ఫిర్యాదులు ఒక దశలో వేలల్లో ఉండేవి. మేనేజ్‌మెంట్ మీద కసితో డోరు లోపల ఖాళీ సీసా పడేసి ప్యానెల్ బిగించేసేవాళ్లూ ఉండేవారు. కారు కొన్నవాడికి ఆ గలగల ఎక్కడినుంచి వస్తోందో ఎప్పటికీ అంతుపట్టదు. దేశం మొత్తం ఆటో పరిశ్రమలో ఇంతకంటే అధ్వాన్నమైన కార్మికులు లేరని పేరుపడిపోయామని యూనియన్ ప్రాంతీయ నాయకుడు బ్రూస్ లీ స్వయంగా ఒప్పుకున్నాడు. (కుంగ్ ఫూ బ్రూస్ లీ కాదు, యునైటెడ్ ఆటో వర్కర్స్ నాయకుడు.)

1984 డిసెంబర్‌లో అదే షెడ్డులోంచి మళ్లీ కార్లు రావడం మొదలైంది. ఈసారి కంపెనీని జనరల్ మోటార్స్, టయోటా కలిసి పెట్టాయి. పేరు న్యూ యునైటెడ్ మోటార్ మాన్యుఫ్యాక్చరింగ్, అందరూ పిలిచేది నమ్మీ అని. ప్లాంటు నడిపే బాధ్యత టయోటాది. మొదట్లో చేర్చుకున్న కార్మికుల్లో సుమారు 85 శాతం పాత ఫ్రీమాంట్ వాళ్లే. యూనియనూ అదే. రెండేళ్లు తిరిగేసరికి, అంటే 1986 చివరికి, అక్కడి ఉత్పాదకత జనరల్ మోటార్స్ ప్లాంట్లన్నిటినీ దాటింది. పాత ఫ్రీమాంట్‌తో పోలిస్తే రెట్టింపు పైమాటే. గైర్హాజరు మూడు శాతం దగ్గరికి దిగింది.

ఫ్యాక్టరీల్లో ఆర్గనైజేషన్ డెవలప్‌మెంట్, అంటే సంస్థ పనిచేసే తీరును మార్చే పని చేసేవాళ్లకు ఇది తెలిసిన కేసే. ట్రైనింగ్ హాల్లో ఒక స్లైడ్ వేసి, “చూశారా, మైండ్‌సెట్ మారితే ఏదైనా సాధ్యమే” అని ముగించేస్తుంటారు. నాకు మాత్రం ఈ కేసు సరిగ్గా దానికి ఎదురు దిక్కున కనిపిస్తుంది. ఫ్రీమాంట్‌లో ముందుగా మైండ్‌సెట్ జోలికి ఎవరూ వెళ్లలేదు. ఒక మనిషి ఏదైనా చేస్తే ఆ తర్వాతి రెండు నిమిషాల్లో అతనికి ఏం జరుగుతుందో, దాన్ని మార్చారు. ఆలోచన దాని వెంట నడిచొచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఒక ఆటో విడిభాగాల ప్లాంటులో నేను చేసిన పనిని పక్కన పెట్టుకుని ఈ కేసును మళ్లీ విప్పి చూస్తున్నాను. ఆ ప్లాంటును గుర్తుపట్టే వివరాలు ఇవ్వడం లేదు.

పాత ప్లాంటులో కార్మికుడు నేర్చుకున్న పాఠం

పాత ఫ్రీమాంట్‌లో ఒకే ఒక్క నియమం శిలాశాసనం: లైన్ ఆగకూడదు. కారు ముందుకు వెళ్తూనే ఉండాలి. బోల్టు సగం బిగిసినా, వేరే మోడల్ భాగం తగిలించినా, చూస్తూ చూస్తూ వదిలేయాల్సిందే. చివర్లో రీవర్క్ యార్డు ఉంది, అక్కడ విప్పి సరిచేస్తారు. ఆపే అధికారం కార్మికుడికి లేదు. ఎవరైనా ఆపితే ఉద్యోగం ప్రమాదంలో పడినట్టే.

ఇలాంటి చోట పదేళ్లు పనిచేసిన మనిషిని ఊహించుకోండి. తప్పు అతని కళ్ల ముందే వెళ్తుంది. ఆపలేడు. చెప్తే వినేవాడు లేడు. సాయంత్రానికి అదే తప్పుకు “మీవాళ్లకు శ్రద్ధ లేదు” అని మాట పడతాడు. కొన్నాళ్లకు చూడటం మానేస్తాడు. ఇంకొన్నాళ్లకు సీసాలు వేయడం మొదలుపెడతాడు. బయటినుంచి చూసేవాళ్లకు అది క్రమశిక్షణ లేకపోవడం. లోపలివాడికి అది ఆ వ్యవస్థ నేర్పిన లెక్క.

నమ్మీలో కనిపించిన తేడా పెట్టుబడి వల్ల వచ్చింది కూడా కాదు. అదే దశకంలో జనరల్ మోటార్స్ రోబోల మీద, ఆటోమేషన్ మీద వేల కోట్ల డాలర్లు కుమ్మరించింది. ఫ్రీమాంట్‌లో టయోటా పెట్టిన యంత్రాలు అంత అధునాతనమైనవేమీ కాదు. 1980ల మధ్యలో ఎంఐటీ పరిశోధకులు మూడు ప్లాంట్లను పోల్చి చూశారు. ఒక కారు అసెంబ్లీకి మసాచుసెట్స్‌లోని జనరల్ మోటార్స్ ఫ్రేమింగ్‌హామ్ ప్లాంటులో 31 గంటలు, నమ్మీలో 19, జపాన్‌లో టయోటా తకావోకా ప్లాంటులో 16. వంద కార్లకు లోపాలు ఫ్రేమింగ్‌హామ్‌లో 130, మిగతా రెండిట్లో 45 చొప్పున. అంటే నాణ్యతలో పాత ఫ్రీమాంట్ కార్మికులు జపాన్ ప్లాంటు పక్కన సరిసమానంగా నిలబడ్డారు.

మార్చినవి, మనం కాపీ కొట్టేవి

పాత ప్లాంటులో ఉద్యోగ వర్గాలు ఎనభై దాకా ఉండేవి. ఇది నా పని, అది నీ పని, ఆ స్విచ్ ముట్టుకునే హక్కు ఇంకొకరిది. నమ్మీలో ఉత్పత్తి పనికి ఒకే వర్గం పెట్టారు. నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఒక టీమ్, దానికో టీమ్ లీడర్. అతనూ యూనియన్ సభ్యుడే, గంట లెక్కన జీతం తీసుకునేవాడే. వందల మందిని జపాన్‌కు, తకావోకా ప్లాంటుకు పంపించి మూడు వారాల పాటు అక్కడి లైన్ మీద జపాన్ కార్మికుల పక్కనే నిలబెట్టి పని చేయించారు. అందరికీ ఒకే క్యాంటీన్. మేనేజర్లకు ప్రత్యేక పార్కింగ్ లేదు. ఒకే రకం యూనిఫాం.

ఇక్కడ చిన్న మాట. మన క్లయింట్లు ఈ జాబితా చదివితే ముందుగా పట్టుకునేవి యూనిఫాం, క్యాంటీన్, పొద్దున్నే డ్రిల్లు. ఎందుకంటే అవి వారంలో అయిపోతాయి, ఫొటో కూడా బాగా వస్తుంది. ప్లాంట్ హెడ్ ఒకరోజు వరుసలో ప్లేటు పట్టుకుని నిలబడతాడు, అది కంపెనీ వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది. దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఫ్లోర్ మీద పనిచేసే కుర్రాడు ఆ ఫొటో చూసి తన ప్రవర్తన మార్చుకోడు.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది స్టాప్‌వాచ్ సంగతి. వందేళ్లుగా ఫ్యాక్టరీల్లో స్టాప్‌వాచ్ అంటే ఇంజినీరు చేతిలోది, కార్మికుడికి శత్రువు. వాడొచ్చి వెనక నిలబడితే కావాలనే నెమ్మదిగా చేస్తారు. నమ్మీలో ఆ వాచీని టీమ్ సభ్యుల చేతికే ఇచ్చారు. వాళ్లే ఒకరినొకరు టైమ్ చేసుకుని, మేలైన పద్ధతి ఏదో తేల్చి, దాన్నే ప్రామాణికంగా రాసుకునేవారు. పని ఒత్తిడి తగ్గలేదు. నిమిషంలో ప్రతి సెకనూ పనితోనే నిండి ఉండేది. అయినా ఆ కొలతను వాళ్లు తమదిగా తీసుకున్నారు.

తాడు

అసలు విషయం నమ్మీలో కార్మికుడి తలపైన వేలాడే తాడు, సమస్య కనిపిస్తే అతను లాగేది. దాన్ని లాగితే ఏం జరుగుతుందో చాలామంది తప్పుగా చెప్తుంటారు. లాగిన వెంటనే లైన్ ఆగదు. ఒక పాట లాంటి శబ్దం మోగుతుంది, పైన బోర్డు మీద ఆ స్టేషన్ దగ్గర దీపం వెలుగుతుంది. టీమ్ లీడర్ వస్తాడు. కారు ఆ స్టేషన్ చివర గీతను చేరేలోపు సమస్య తేలిపోతే తాడు మళ్లీ లాగుతారు, లైన్ సాగిపోతుంది. తేలకపోతే ఆ గీత దగ్గర ఆగుతుంది. చాలాసార్లు ఆగాల్సిన అవసరమే రాదు.

ఇందులో కీలకం ఆగడం కాదు, రావడం. ఒక మనిషి తనకు ఇబ్బందిగా ఉందని చెప్పిన నిమిషంలోపు ఇంకో మనిషి పక్కకు వచ్చి నిలబడుతున్నాడు. రోజుకు ఒక్క టీమ్‌లోనే అలా ఎన్నోసార్లు. వచ్చినవాడి నోటి నుంచి మొదట వచ్చే మాటేమిటి, వాడి మొహం ఎలా ఉంది, వాడు భాగం వైపు చూస్తున్నాడా మనిషి వైపా? కార్మికుడు కంపెనీని చదివేది అక్కడే.

నమ్మీ ఏర్పాటులో టయోటా తరఫున పనిచేసిన అమెరికన్ జాన్ షూక్ దీని మీద ఎన్నో ఏళ్లు మాట్లాడాడు. మనుషులు చేసే తీరు ముందు మారితే ఆలోచించే తీరు తర్వాత మారుతుందని అతని వాదన. సంస్థాగత సంస్కృతి మీద రాసినవాళ్లలో పెద్దపేరున్న ఎంఐటీ ఆచార్యుడు ఎడ్గర్ షైన్ సంస్కృతిని మూడు పొరలుగా చెప్పాడు: పైకి కనిపించేవి, నోటితో చెప్పే విలువలు, ఎవరూ పైకి అనని లోతైన నమ్మకాలు. అడుగు పొరను ఉపన్యాసాలతో మార్చలేమని షూక్ అనుభవం. నేనూ ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం కలుపుతాను: చేసే తీరు మార్చమంటే కుదరదు, చేసిన తర్వాత జరిగేది మార్చాలి. తాడు లాగమని చెప్పడం సులువు. లాగినవాడికి ఏమీ కాదని రోజూ రుజువు చేస్తూ పోవాలి, అదీ టార్గెట్ వెనకబడ్డ నెలాఖరున కూడా.

తాడు వెనక కాగితం

1985లో కుదిరిన యూనియన్ ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. కంపెనీ దీర్ఘకాల మనుగడకే ముప్పు వస్తే తప్ప ఎవరినీ తీసేయకూడదు. అంత పరిస్థితి వచ్చినా ముందు అధికారుల, మేనేజర్ల జీతాలు తగ్గించాలి, బయటికిచ్చిన పనిని లోపలికి తెచ్చుకోవాలి, స్వచ్ఛందంగా వెళ్లేవాళ్లను అడగాలి. ఆ తర్వాతే లేఆఫ్. అమెరికా ఆటో పరిశ్రమలో అమ్మకాలు తగ్గగానే కార్మికుడిని ఇంటికి పంపడం మామూలు కాబట్టి, ఈ కాగితాన్ని మొదట్లో ఎవరూ పూర్తిగా నమ్మి ఉండరు.

1988లో పరీక్ష వచ్చింది. అక్కడ తయారయ్యే షెవ్రొలే నోవా అమ్ముడుపోలేదు. ప్లాంటు సామర్థ్యంలో 60 శాతం దాకానే వాడుకునే స్థితి. లైన్ వేగం తగ్గించారు. మిగిలిన మనుషుల్ని ట్రైనింగ్‌కు పంపారు, మెరుగుదల పనుల్లో పెట్టారు, బయటి కాంట్రాక్టర్లు చేసే పనులు కొన్ని వాళ్లకే ఇచ్చారు. ఒక్కరినీ తీసేయలేదు. కార్మికుల నమ్మకం గట్టిపడింది అప్పుడేనని నా అభిప్రాయం. అంతకుముందు నాలుగేళ్లు వాళ్లు కంపెనీని పరీక్షిస్తూనే ఉండి ఉంటారు.

పని మెరుగుపరిచే సూచన ఇవ్వమంటే కార్మికుడు ముందు వేసుకునే లెక్క ఏమిటి? “నేను సూచన ఇస్తే ఈ స్టేషన్‌లో ఇద్దరి పని ఒకరితో అయిపోతుంది. అప్పుడు పోయేది ఎవరి ఉద్యోగం?” ఆ ప్రశ్నకు కాగితం మీద సమాధానం లేకుండా సూచనల డబ్బా పెడితే అందులో పడేవి ఫ్యాన్ తిరగడం లేదనే చీటీలే. ఇది నేను చాలా చోట్ల చూశాను. చీటీలు కూడా చదివాను, కొన్ని సరదాగా ఉంటాయి.

జనరల్ మోటార్స్ ఎందుకు నేర్చుకోలేకపోయింది

నమ్మీలో నేర్చుకోవడానికి జనరల్ మోటార్స్ తన మేనేజర్లను పంపింది. వాళ్లు నేర్చుకున్నారు కూడా. తిరిగొచ్చాక ఒక్కొక్కరినీ ఒక్కో మూలకు వేశారు. లాస్ ఏంజెలెస్ దగ్గరి వాన్ నైస్ ప్లాంటులో 1987లో టీమ్ పద్ధతి తెచ్చారు. తాళ్లు వచ్చాయి, టీమ్‌లు వచ్చాయి. కానీ దాన్ని ప్లాంటు మూసేస్తామన్న బెదిరింపు నీడలో తెచ్చారు. యూనియన్ రెండుగా చీలింది. ఏళ్ల సీనియారిటీతో తేలికైన పని సంపాదించుకున్నవాడికి టీమ్ అంటే ఆ పని లాక్కునే ఎత్తుగడలా కనిపించింది. సూపర్‌వైజర్లకు మాత్రం పాత కొలమానమే: రోజుకు ఎన్ని కార్లు. కాబట్టి తాడు లాగినవాడు సూపర్‌వైజర్ కంట్లో పాత నేరస్థుడే. 1992లో ఆ ప్లాంటు మూతపడింది.

రెండు ప్లాంట్లూ కాలిఫోర్నియాలోనే. కార్మికులు ఒకే యూనియన్. తెచ్చిన పద్ధతి ఒకటే పేరుతో పిలిచేది. తేడా ఎక్కడుందంటే, వాన్ నైస్‌లో మధ్యస్థాయి మేనేజర్‌కు జరిగేది ఏమీ మారలేదు. అతను లైన్ ఆపనిస్తే పైనుంచి తిట్లు, ఆపనివ్వకపోతే కిందినుంచి మౌనం. మౌనాన్ని భరించడం తేలిక.

“జపాన్ వాళ్ల రక్తంలోనే ఉంది” అనేవాళ్లకు

ఈ కేసు చెప్పగానే ఎవరో ఒకరు అంటారు, “అది జపాన్ వాళ్ల సంస్కృతి సార్, మనకెక్కడ కుదురుతుంది?” దేశాల సంస్కృతుల్లో తేడాలు లేవని నేననను. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967 నుంచి 1973 దాకా ఐబీఎం ఉద్యోగుల నుంచి లక్షకు పైగా ప్రశ్నావళులు సేకరించి దేశాలకు స్కోర్లు ఇచ్చాడు. అధికార దూరంలో, అంటే పైవాడికీ కిందివాడికీ మధ్య అంతరాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారన్నదానిలో, భారత్‌కు 77, జపాన్‌కు 54, అమెరికాకు 40. వ్యక్తివాదంలో అమెరికా 91తో అందరికంటే పైన, భారత్ 48, జపాన్ 46.

ఈ లెక్కలు పెట్టుకుని 1983లో ఎవరైనా జోస్యం చెప్తే ఏమనేవారు? 91 వ్యక్తివాదం ఉన్న దేశంలో టీమ్ పద్ధతి నడవదనే. అదే నడిచింది, దేశంలోనే చెడ్డపేరున్న కార్మికులతో. అధికార దూరం చూస్తే ఇంకో తమాషా. తప్పు బయటపెట్టి లైన్ ఆపే ధైర్యం అమెరికన్ కార్మికుడికే ఎక్కువ ఉండాలి కదా? జనరల్ మోటార్స్‌లో ఉన్నన్నాళ్లూ అతనికి ఆ ధైర్యం లేదు. దేశం స్కోరు ఒక మనిషి ఏ మొగ్గుతో గేటు లోపలికి వస్తాడో చెప్పగలదేమో. గేటు లోపల ఏం చేస్తాడన్నది ఫ్లోర్ మీద తేలుతుంది.

మన దగ్గర ఆ మొగ్గు బలంగా ఉందన్నది నిజమే. “సార్” అనకుండా వాక్యం మొదలవదు. ఇన్‌చార్జ్ తప్పు చెప్తున్నాడని తెలిసినా తలూపుతాం. అయితే ఇదే కుర్రాళ్లు టీ బంకు దగ్గర ప్లాంటులోని ప్రతి లోపాన్నీ యంత్రం నంబరుతో సహా విడమరిచి చెప్తారు. చెప్పే గుణం లేకపోతే అక్కడెలా వచ్చింది?

మా ప్లాంటు సంగతి

ఇప్పుడు హైదరాబాద్ దగ్గరి ప్లాంటు. కార్ల సీట్లకు ఫ్రేములు చేస్తారు: వెల్డింగ్, ఆ తర్వాత అసెంబ్లీ. ప్రతి స్టేషన్‌లో లోపం కనిపిస్తే నొక్కే పసుపు బటన్, పైన దీపాల స్తంభం, హూటర్, గోడ మీద పెద్ద డిస్‌ప్లే. డబ్బు బాగానే పెట్టారు. కస్టమర్ నుంచి కంప్లైంట్లు మాత్రం ఆగలేదు. బటన్ ఎవరూ నొక్కరు. మేనేజ్‌మెంట్ తేల్చుకున్నది: “మనవాళ్లకు క్వాలిటీ స్పృహ లేదు, అవేర్‌నెస్ ట్రైనింగ్ పెట్టండి.”

ట్రైనింగ్‌కు ముందు కొన్ని షిఫ్టులు ఫ్లోర్ మీద నిలబడి చూస్తానన్నాను. లైన్ మీద సగం మంది కాంట్రాక్టర్ మనుషులు, ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. మిగతావాళ్లలో ఐటీఐ చదివిన ట్రైనీలు, కొద్దిమంది పర్మనెంట్. మాట తెలుగూ హిందీ కలగలిపి సాగుతుంది. ఒక కుర్రాడికి నట్టు వంకరగా వెల్డ్ అయిన ఫ్రేము వచ్చింది. వాడు దాన్ని చూశాడు, బటన్ వైపు చూశాడు, పక్క స్టేషన్‌లోని పర్మనెంట్ ఆపరేటర్‌ను పిలిచాడు: “అన్నా, నువ్వు నొక్కు.” అన్న నొక్కలేదు, నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఫ్రేము ముందుకెళ్లింది. క్వాలిటీ స్పృహ అక్కడ పుష్కలంగా ఉంది.

అరుదుగా ఎవరైనా నొక్కినప్పుడు ఇన్‌చార్జ్ దూరం నుంచే అడిగే మొదటి మాట: “లైన్ ఎవడాపిండు?” కోపంగా కూడా కాదు, ఒక్కోసారి నవ్వుతూనే. మంచి మనిషి, పిల్లల ఫీజుకు డబ్బు తక్కువైతే సర్దుతాడని ఆపరేటర్లే చెప్పారు. కానీ ఆ ప్రశ్నలో మొదట వచ్చేది మనిషి, భాగం కాదు. షిఫ్ట్ రిపోర్ట్ తిరగేస్తే లైన్ ఆగిన సమయం, కారణం, ఆ పక్కన ఇంకో గడి: “బాధ్యులు”. అందులో బటన్ నొక్కినవాడి పేరే రాసేవారు. వెల్డింగ్‌లో తప్పు జరిగినా పేరు మాత్రం దాన్ని పట్టుకున్నవాడిది. ఎవరూ కుట్ర పన్ని అలా పెట్టలేదు. ఎప్పుడో ఎక్కడినుంచో తెచ్చుకున్న ఫార్మాట్ అది.

ఇన్‌చార్జ్ ఎందుకలా అడుగుతాడో తెలియాలంటే పొద్దుటి ప్రొడక్షన్ మీటింగ్‌లో కూర్చోవాలి. ప్లాంట్ హెడ్ ఒక్కో షిఫ్ట్ ఎన్ని నిమిషాలు ఆగిందో చదువుతాడు, తలెత్తి ఇన్‌చార్జ్ వైపు చూస్తాడు. ప్లాంట్ హెడ్ టెన్షన్‌కూ కారణముంది. ఫ్రేములు సమయానికి అందక కస్టమర్ లైన్ ఆగితే డెబిట్ నోటు, అంటే ఆ నష్టాన్ని మన లెక్కలో కోసే కాగితం వస్తుంది. ఆ చూపు మీటింగ్ రూములో మొదలై గంటలో లైన్ చివరి కుర్రాడి దగ్గరికి చేరుతుంది.

మేం చేసినవి కొన్నే. “బాధ్యులు” గడి తీసేసి “సాయానికి ఎవరు వెళ్లారు, ఎంతసేపట్లో” అని పెట్టాం. మీటింగ్‌లో ఆగిన నిమిషాలకు ముందు ఆ సంఖ్య చదవాలన్నాం. ఇన్‌చార్జ్‌లు, లీడర్లు స్టేషన్ దగ్గరికి వచ్చి అడిగే మొదటి మాట “ఏం కనిపించింది?” అని ఒప్పుకున్నాం. దీన్ని రెండు మూడు వారాలు రిహార్సల్ చేయాల్సొచ్చింది, పాత ప్రశ్న నాలుక చివరనే ఉంటుంది కాబట్టి. అన్నిటికంటే కష్టమైంది టీమ్ లీడర్‌కు సొంత స్టేషన్ లేకుండా చేయడం. అతను తన పనిలో ఇరుక్కుని ఉంటే పిలిచినప్పుడు ఎలా వస్తాడు? కానీ అలా చేయడమంటే ప్రతి లైన్‌కు ఒక మనిషి అదనం. ప్లాంట్ హెడ్ చాలా వాదించి, చివరికి ఒక్క లైన్‌కు ఒప్పుకున్నాడు.

ఆ లైన్ మీద బటన్లు మోగడం మొదలైంది. వెంటనే క్వాలిటీ హెడ్‌కు కంగారు: “ఇన్నాళ్లు లేని సమస్యలు ఇప్పుడెక్కడినుంచి వచ్చాయి?” హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి నర్సుల బృందాల మీద 1990లలో చేసిన పని ఆయనకు చెప్పాను. మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకుంది. లెక్కల్లో అవే ఎక్కువ కనిపించాయి. ఎందుకని తవ్వితే తేలింది, ఆ బృందాల్లో పొరపాట్లు బయటికి చెప్తున్నారు. ఆయన విన్నాడు గానీ పూర్తిగా నమ్మలేదు. కొన్ని నెలల తర్వాత కస్టమర్ కంప్లైంట్లలో ఆ లైన్ ఫ్రేములు తగ్గాక నమ్మాడు.

నైట్ షిఫ్ట్‌లో మాత్రం అదే లైన్, అదే ఫార్మాట్, అయినా బటన్ల మోత మెల్లగా తగ్గిపోయింది. కారణం వెతకడానికి పెద్ద విశ్లేషణ అక్కర్లేకపోయింది. రాత్రి మెయింటెనెన్స్ ఇంజినీరు ఉండడు. టీమ్ లీడర్ వస్తాడు, చూస్తాడు, “పొద్దున చెప్దాం” అంటాడు. నాలుగుసార్లు అలా అయ్యాక నొక్కడమెందుకు? తిట్టినవాళ్లు ఎవరూ లేరు. సాయం రాలేదు, అంతే. భయం తీసేస్తే సరిపోతుందనుకునేవాళ్లు నైట్ షిఫ్ట్ చూడాలి.

ఈ కేసును దేవుడి పటంలా చూడొద్దు

నమ్మీ స్వర్గమేమీ కాదు. “ఒత్తిడితో నడిపే మేనేజ్‌మెంట్” అని అమెరికా కార్మిక ఉద్యమంలోనే గట్టి విమర్శకులు ఉండేవారు. కొత్త మోడల్ మార్పు సమయంలో కార్మికుల ఒంటినొప్పులు, చేతుల గాయాలు పెరిగి, 1993లో కాలిఫోర్నియా కార్మిక భద్రతా విభాగం కంపెనీకి నోటీసులిచ్చింది. తాడు నాణ్యత గురించి వింటుంది, భుజం నొప్పి గురించి వినాలంటే ఇంకేదో కావాలి.

టయోటా పేరుంటే చాలు అనుకునేవాళ్లు బెంగళూరు దగ్గరి బిడది వైపు చూడాలి. టయోటా కిర్లోస్కర్ ప్లాంటులో 2014 మార్చిలో ఒకసారి, 2020 నవంబర్‌లో మరోసారి లాకౌట్ ప్రకటించారు. రెండోసారి ఒక యూనియన్ ప్రతినిధి సస్పెన్షన్‌తో మొదలై కార్మికులు లోపలే ధర్నాకు కూర్చున్నారు. అదే ఉత్పత్తి విధానం, అవే తాళ్లు. పద్ధతి విమానంలో వస్తుంది. నమ్మకం స్థానికంగానే తయారు కావాలి.

ఫ్రీమాంట్ కాగితానికీ గడువుంది. 2009లో జనరల్ మోటార్స్ దివాలా తీసి భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. టయోటా ఒక్కటే నడపనంది. 2010 ఏప్రిల్ 1న చివరి కారు బయటికొచ్చింది, సుమారు 4,700 మంది ఉద్యోగాలు పోయాయి. తర్వాత నెలలోనే ఆ ప్లాంటును కొంటున్నట్టు టెస్లా ప్రకటించింది. పాతికేళ్లు నిలిచిన మాట తక్కువదేమీ కాదు, కానీ శాశ్వతమని ఎవరూ అనుకోకూడదు.

కాంట్రాక్ట్ కుర్రాళ్ల ప్రశ్న

మా ప్లాంటులో తేలని ముడి ఇదే. ట్రైనీలు నొక్కుతున్నారు, పర్మనెంట్ వాళ్లు నొక్కుతున్నారు. కాంట్రాక్టర్ మనుషులు ఇప్పటికీ “అన్నా, నువ్వు నొక్కు” అనే అంటారు. కాకపోతే ఇప్పుడు అన్న నొక్కుతున్నాడు. ఆ కుర్రాళ్లను తీసేయడానికి ఉత్తరం అక్కర్లేదు, కారణం అక్కర్లేదు. కాంట్రాక్టర్ ఫోన్ చేసి “రేపట్నుంచి రావొద్దు” అంటే గేట్ పాస్ పనిచేయదు, అంతే. ఎవరి మాట మీద తీసేశారో కూడా తెలియదు. ఇలాంటి స్థితిలో ఉన్నవాడు బటన్‌కు దూరంగా ఉండటం పిరికితనం కాదు, తెలివి. వాళ్లకు ఎన్ని అవేర్‌నెస్ క్లాసులు పెట్టినా ఆ తెలివి పోదు, పోకూడదు కూడా.

మేం అడిగింది చిన్నదే. ఆరు నెలలు పనిచేసిన కాంట్రాక్ట్ మనిషిని మార్చాలంటే కాంట్రాక్టర్ ఒక్కడి మాట చాలదు. కంపెనీ హెచ్ఆర్ కారణం రాసి సంతకం పెట్టాలి, ఆ కాగితం మనిషికీ ఇవ్వాలి. హెచ్ఆర్ వాళ్లు ఒప్పుకున్నారు. చట్టపరంగా వాళ్లను మన ఉద్యోగులుగా ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని లీగల్ వాళ్లు ఆగమన్నారు. అది నిజమైన భయమే. ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే కాంట్రాక్టర్ ద్వారా పని చేయించుకునే కంపెనీ, అంతగా జోక్యం చేసుకుంటే రేపు కోర్టులో కాంట్రాక్ట్ అనేది పేరుకేనని వాదించవచ్చు. అలా చూస్తే, తప్పు పట్టుకున్నవాడిని కాపాడే కాగితం రాయడానికి కంపెనీకి అడ్డొస్తున్నది వాడిని తనవాడు కాదనడానికి రాసుకున్న ఇంకో కాగితం.

చివరికి మధ్యేమార్గంగా, టీమ్ లీడర్ అదనంగా ఉన్న ఆ ఒక్క లైన్‌లో, మనిషిని మార్చేముందు కాంట్రాక్టర్ రెండు వారాల నోటీసు ఇవ్వాలని, కారణం రాతపూర్వకంగా చెప్పాలని కాంట్రాక్టర్ ఒప్పందంలోనే చేర్చారు. నైట్ షిఫ్ట్‌కు మెయింటెనెన్స్ ఇంజినీరు పోస్టు బడ్జెట్‌లో పెట్టారు. మిగతా లైన్ల సంగతి ఒప్పందం రెన్యువల్‌కు వచ్చినప్పుడు చూద్దామన్నారు.